లేబుల్ మీది పేర్లు లెక్కలోకి రావాలంటే

కలివికోడి శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. దాని వెనక బ్లైత్, 1848 అని రాస్తారు. ఎడ్వర్డ్ బ్లైత్ అప్పట్లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసేవారు. జాతిని వర్ణించి పేరు పెట్టింది ఆయనే. పక్షిని దక్షిణాదిన సంపాదించిన టి.సి. జెర్డాన్ దాని ఇంగ్లిష్ పేరు 'జెర్డాన్స్ కోర్సర్'లో మిగిలారు. 1900 తర్వాత దాదాపు ఎనభై అయిదేళ్లు ఎవరి కంటా పడని ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దానికోసం వెతికింది భరత్ భూషణ్. రాత్రిపూట దాన్ని పట్టుకున్నది మాత్రం అక్కడి పిట్టలు పట్టే మనిషి. వర్ణించడం, సేకరించడం, గుర్తించడం, దారి చూపించడం అనే ఈ నాలుగు పనుల్లో మొదటిదానికి మాత్రమే పేరు తనంతట తాను అంటుకుపోయే ఏర్పాటు శాస్త్రంలో ఉంది.

మిగతా మూడు పనులు చేసినవారికి పేరు దక్కాలంటే లేబుల్ మీద ఎవరో సరిగా రాయాలి, దాన్ని ఇంకెవరో కంప్యూటర్లోకి సరిగా ఎక్కించాలి, వాడుకున్న పరిశోధకులు సరిగా ఉదహరించాలి. ఎక్కడ జారినా పేరు పోతుంది. జారే చోట్లు ఏవో, మొక్కలను ఎండబెట్టి కాగితం షీట్ల మీద అంటించి దాచే హెర్బేరియంలలో, మ్యూజియంలలో పనిచేసేవారికి బాగా తెలుసు. వాటిలో చాలావాటికి విరుగుడు కొన్ని నిమిషాల పని. ఆ కొన్ని నిమిషాలు సమయానికి పెట్టకపోతే యాభై ఏళ్ల తర్వాత నెలలు పెట్టినా తేలదు.

వర్ణించినవారి పేరు ఒక్కటే ఎందుకు చాలదు

సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లిపోయారు. ఆ తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కోసం పనిచేసినవారు బెంజమిన్ హైన్. హైన్ సేకరించిన నమూనాలు జర్మనీ చేరాయి. వాటి ఆధారంగా ఆల్బ్రెక్ట్ రోత్ 1821లో ఒక పుస్తకం అచ్చువేసి ఎన్నో మొక్కలను వర్ణించారు. అప్పటికే హైన్ చనిపోయి రెండేళ్లయింది. హైన్ అనుకున్న పేరునే రోత్ వాడిన చోట 'హైన్ ఎక్స్ రోత్' అని రాస్తారు. అంటే పేరు సూచించింది హైన్, నియమబద్ధంగా ప్రచురించింది రోత్. ముందు పేరు వదిలేసి రోత్ అని మాత్రమే రాసినా నామకరణ నియమావళి ఒప్పుకుంటుంది. రోత్ తానే కొత్త పేరు పెట్టిన చోట హైన్ అసలు కనిపించరు. మొక్క ఏ గట్టు మీద, ఏ నెలలో, ఏ పరిస్థితిలో దొరికిందో తెలిసిన ఒక్క మనిషి ఆయనే.

వర్ణన ఆలస్యం కావడం పాతకాలపు ముచ్చటే కాదు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం కొత్తగా వర్ణించిన పూలమొక్కల జాతులను లెక్కగట్టింది. సేకరించిన అయిదేళ్లలోపు వర్ణనకు నోచుకున్నవి 16 శాతమే. దాదాపు పావు వంతు జాతుల నమూనాలు 50 ఏళ్లకు పైగా అల్మరాల్లో ఉన్నాకే వెలుగు చూశాయి. ఆ వ్యాసం వచ్చేనాటికి సేకరించిన మనిషి ఉద్యోగ విరమణ చేసి ఉంటారు, లేదా బతికి ఉండరు. అదే బృందం 2012లో మరో సంగతి చూపించింది. టైప్ నమూనాల్లో, అంటే జాతి పేరుకు శాశ్వత ఆధారంగా నిలిచే నమూనాల్లో, సగానికి పైగా సేకరించినది మొత్తం సేకర్తల్లో 2 శాతం మందే. సేకరణ అంటే దారిన పోతూ కొమ్మ తుంచుకు రావడం కాదని, ఏళ్ల తరబడి కన్ను పదును పెట్టుకున్నవారి పని అని దీన్నిబట్టి తెలుస్తుంది.

గుర్తించే పనికి మరీ తక్కువ విలువ దక్కుతోంది. ఆఫ్రికాలో అల్లం కుటుంబానికి చెందిన ఆఫ్రమోమమ్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) నమూనాలను సుమారు 4,500 దాకా పరిశీలించి 2015లో ఒక లెక్క ప్రచురించారు. నిపుణులు ఆ ప్రజాతిని కొత్తగా సవరించక ముందు కనీసం 58 శాతం నమూనాలకు సరైన పేరు లేదు. కొన్నిటి మీద తప్పు పేరు, కొన్నిటి మీద పాతబడిన పేరు, కొన్నిటి మీద ప్రజాతి పేరు తప్ప ఇంకేమీ లేదు. వాతావరణ మార్పు మీద, అంతరించే జాతుల మీద గీసే పటాలన్నీ ఇలాంటి పేర్ల మీదే నిలబడతాయి. ఆ తప్పులు దిద్దే మనిషి నెల రోజులు హెర్బేరియంలో కూర్చుని వందల షీట్లు తిరగేస్తే బయటికి వచ్చేది అరచేతి కన్నా చిన్నవైన చీటీలు. పదోన్నతికి పెట్టే దరఖాస్తులో వాటికి గడి ఉండదు. విశ్లేషణ చేసి వ్యాసం రాసినవారికి ఉదహరణలు వస్తాయి. ఆ విశ్లేషణ తప్పుదారి పట్టకుండా కాపాడినవారికి ఏమీ రాదు. ఇది మర్యాదకు సంబంధించిన లోటు మాత్రమే కాదు. ఫలితం దక్కని పనికి కొత్తవాళ్లు రారు. వర్గీకరణ నిపుణులు దొరకడం లేదన్న బెంగకు ఒక మూలం ఇక్కడుంది.

సేకర్త పేరు శాస్త్రానికి సమాచారం కూడా. గుత్తి పేరుతో ప్రసిద్ధమైన నీలిరంగు సాలీడు పోయెసిలోథీరియా మెటాలికాను ఆర్.ఐ. పోకాక్ 1899లో ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించారు. అది దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు. వందేళ్ల తర్వాత, 2001లో, దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవుల్లో బయటపడింది. కలపతో పాటు రైల్లో గుత్తి చేరి ఉంటుందని భావిస్తున్నారు. ఇలాంటి చిక్కుముడి విప్పాల్సి వచ్చినప్పుడు పరిశోధకులు మొదట అడిగేది, ఇది ఎవరు పట్టారు, ఆ మనిషి అదే వారం ఇంకా ఎక్కడెక్కడ తిరిగారు అనే. సేకర్త ఎవరో తెలిస్తే ఆయన మిగతా నమూనాలు, డైరీ, ప్రయాణ దారి ముందుకొస్తాయి. తేదీ తప్పా, ఊరు తప్పా అన్నది వాటితో సరిపోల్చి తేల్చవచ్చు.

నోటుబుక్కులో మొదలయ్యే పని

సేకరణ సంఖ్య అన్నిటికన్నా ముఖ్యం. ఒక మనిషికి జీవితాంతం ఒకటే వరుస ఉండాలి. 1తో మొదలుపెట్టి ఆగకుండా పెంచుకుంటూ పోవాలి. ఏడాదికోసారి, ప్రాజెక్టుకోసారి, ఉద్యోగం మారినప్పుడల్లా మళ్లీ 1 నుంచి మొదలుపెట్టేవారు ఉన్నారు. అలా చేస్తే '27' అనే సంఖ్యతో ఒకే సేకర్తకు ఆరేడు వేర్వేరు మొక్కలు తయారవుతాయి. ఇరవై ఏళ్ల తర్వాత వ్యాసంలో ఆ సంఖ్య చదివినవారికి ఏ షీటు తీయాలో అర్థం కాదు. ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే జాతి నుంచి తీసిన కొమ్మలన్నిటికీ ఒకే సంఖ్య ఇవ్వాలి. అవే డూప్లికేట్లుగా వేరే హెర్బేరియంలకు వెళ్తాయి. పక్క గుట్ట మీద అదే మొక్క మళ్లీ దొరికితే కొత్త సంఖ్య వేయాలి.

బృందంగా వెళ్లినప్పుడు ఎవరి సంఖ్య వాడుతున్నారో వారి పేరు ముందు, మిగతావారి పేర్లు తర్వాత రావాలి. మన దేశపు లేబుళ్ల మీద తరచూ కనిపించే 'అండ్ పార్టీ' అన్న మాట ఎందరి పేర్లనో శాశ్వతంగా తుడిచేసింది. చెట్టెక్కి కొమ్మ దించినవారు, మొక్కలు ఆరబెట్టే ప్రెస్సులో కాగితాలు మార్చినవారు, దారి చూపినవారు అందులో కలిసిపోయారు. అయిదు పేర్లు లేబుల్ మీద పట్టవనుకుంటే నోటుబుక్కులో అయిదూ రాసి, లేబుల్ మీద ముగ్గురిని వేసినా కొంత నయం.

పేర్లు పూర్తిగా రాయాలి. 'కె. రావు' అని రాస్తే ఆ రోజు శాఖలో అందరికీ ఎవరో తెలుసు. నలభై ఏళ్లకు ఎవరికీ తెలియదు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో దాగిపోయి, వ్యక్తి పేరు చివర్లో వచ్చే తెలుగు పద్ధతి విదేశీ డేటాబేసుల్లో మరింత గందరగోళం పుట్టిస్తుంది. చివరి మాటే ఇంటిపేరు అనుకుని కట్టిన సాఫ్ట్‌వేరు రావులందరినీ, రెడ్డిలందరినీ ఒకే కుటుంబంగా చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో లక్ష్మి, చౌదరి లాంటి పేర్లను ఒకరే ఒక్కో లేబుల్ మీద ఒక్కోలా రాసిన సందర్భాలూ ఉంటాయి. ఒక రూపం ఎంచుకుని జీవితాంతం దానికే కట్టుబడటం మంచిది. పెళ్లి తర్వాత పేరు మారిన మహిళా శాస్త్రవేత్తల విషయంలో రెండు పేర్లూ ఒకరివేనని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. లేకపోతే ఒకరి సేకరణ ఇద్దరి ఖాతాలో పడుతుంది.

తేదీలో నెలను రోమన్ అంకెల్లోగానీ అక్షరాల్లోగానీ రాయాలి. 3/4 అంటే ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. ఊరు, మండలం, జిల్లా రాసి, జీపీఎస్ అంకెలు దశాంశంలో ఇవ్వాలి. నాలుగు దశాంశ స్థానాలు ఉంటే సుమారు 11 మీటర్ల దాకా చోటు తెలుస్తుంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత లేబుళ్ల మీది జిల్లా పేరును దిద్దకుండా అలాగే ఉంచి, నేటి పేరును వేరుగా చేర్చడం మేలు.

స్థానిక పేరు రాస్తే అది చెప్పినవారి పేరూ రాయాలి. రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో, 1795 నుంచి 1820 దాకా 300 బొమ్మలతో మూడు సంపుటాలుగా వచ్చినదానిలో, తెలుగు పేర్లు శ్రద్ధగా ఎక్కించారు. సోమి చెట్టు తెలుగు పేరు తర్వాత సోయ్‌మిడా అనే ప్రజాతి నామంగా స్థిరపడింది. ఆ పేరు చెప్పినవారి పేరుగానీ, బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుల పేర్లుగానీ ఆ గ్రంథంలో లేవు. నేడు సేకరించేవారు ఆ లోటును కొనసాగించాల్సిన అవసరం లేదు. అడిగి, వారు ఒప్పుకుంటే, ఎలా రాయమంటే అలా రాయాలి. కొందరు తమ పేరు వద్దంటారు, కొందరు ఊరి పేరు చాలంటారు. అరుదైన మొక్క ఎక్కడుందో చెప్పిన మనిషి పేరు బయటపెడితే అక్రమ రవాణా చేసేవారు వారి ఇంటికే వచ్చే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు పేరును నోటుబుక్కులో ఉంచి, బహిరంగ రికార్డులో వేయకపోవడమే సరైన పని.

గుర్తింపు చీటీ

హెర్బేరియం షీటు మీద కింద కుడి మూలన ప్రధాన లేబుల్ ఉంటుంది. దానికి పైన గానీ పక్కన గానీ అంటించేది డిటర్మినవిట్ చీటీ, వాడుకలో 'డెట్ స్లిప్'. కీటకాల్లో అయితే అదే పిన్నుకు, చోటు రాసిన లేబుల్ కింద మరో చిన్న లేబుల్‌గా గుచ్చుతారు. దీని మీద ఉండాల్సినవి తక్కువే: శాస్త్రీయ నామం, గుర్తించినవారి పూర్తి పేరు, సంస్థ, తేదీ. తేదీ వేయని చీటీలు మన హెర్బేరియంలలో కోకొల్లలు. ఒకే షీటు మీద తేదీ లేని మూడు చీటీలు, మూడు వేర్వేరు పేర్లతో ఉంటే, చివరి మాట ఎవరిదో తెలియదు. డేటా ఎక్కించేవారు అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని ఎంచుకుంటారు, అది అన్నిటికన్నా పాతది కావచ్చు.

నాలుగు అంశాలకు తోడు అయిదోది రాయగలిగితే చీటీ విలువ ఎంతో పెరుగుతుంది. ఏ ఆధారంతో గుర్తించారన్నది అది. గాంబుల్ మొదలుపెట్టి ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా (ప్రాంతపు మొక్కల గ్రంథం)లోని కీ, అంటే లక్షణాలు పోల్చి పేరు తేల్చే పట్టిక, ప్రకారమా, ఒక్క గుంపు మీదే రాసిన తాజా మోనోగ్రాఫ్ ప్రకారమా, టైప్‌తో పోల్చి చూశారా, పువ్వు విప్పి చూశారా? పువ్వు లేని కొమ్మను ఆకు చూసి గుర్తించడం వేరు, అండాశయం కోసి చూసి చెప్పడం వేరు. తర్వాత వచ్చేవారు ఎంత నమ్మాలో ఈ ఒక్క వాక్యం చెబుతుంది. నమ్మకం తక్కువగా ఉంటే పేరుకు ముందు 'సీఎఫ్' అని, దగ్గరి బంధువే కానీ అది కాదనిపిస్తే 'ఎఎఫ్ఎఫ్' అని వేయడం నామోషీ కాదు. సందేహాన్ని దాచిన చీటీ కన్నా సందేహాన్ని చెప్పిన చీటీ ఎక్కువ ఉపయోగపడుతుంది. ముందు గుర్తించినవారితో ఏకీభవిస్తే కొత్తగా 'డెట్' అని కాకుండా 'కన్ఫ్' (ధ్రువీకరించారు) అని రాయాలి. మొదట చెప్పినవారి పని వారికే ఉంటుంది.

పాత చీటీని పీకేయడం, దాని మీద కొత్తది అంటించడం, పాత పేరును పెన్నుతో కొట్టేయడం ఎప్పటికీ చేయకూడనివి. తప్పు గుర్తింపు కూడా చరిత్రే. 1960లో ఎవరైనా ఆ తప్పు పేరుతో జాబితా ప్రచురించి ఉంటే, ఆ చీటీ ఉన్నప్పుడే అది ఏ షీటు వల్ల వచ్చిందో తెలుస్తుంది. శాఖాధిపతి పేరు వేసి పరిశోధక విద్యార్థి చేత గుర్తింపు చేయించడం కూడా కొన్నిచోట్ల ఆనవాయితీగా ఉంది. అది అన్యాయమే కాదు, శాస్త్రపరంగా నష్టం కూడా. ఫలానా ప్రజాతిలో ఆ విద్యార్థి చెప్పినవన్నీ సరైనవని తర్వాత తేలితే, ఆ నమ్మకాన్ని మిగతా షీట్లకు వర్తింపజేసే దారి మూసుకుపోతుంది.

కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు

నమూనాల సమాచారం పంచుకోవడానికి ప్రపంచమంతా వాడే ప్రమాణం డార్విన్ కోర్. అందులో సేకర్తకు 'రికార్డెడ్‌బై', గుర్తించినవారికి 'ఐడెంటిఫైడ్‌బై', గుర్తించిన రోజుకు 'డేట్ఐడెంటిఫైడ్', సేకరణ సంఖ్యకు 'రికార్డ్‌నంబర్' అనే గడులున్నాయి. వీటికి తోడు 'రికార్డెడ్‌బైఐడీ', 'ఐడెంటిఫైడ్‌బైఐడీ' అని రెండు గడులు తర్వాత చేరాయి. పేరు కాకుండా వ్యక్తిని సూచించే అంకెను ఇక్కడ వేస్తారు. చాలా సంస్థల డేటాలో ఈ రెండూ ఖాళీగా ఉంటాయి. పేరు మనిషిగా మారే చోటు ఇదే కాబట్టి శ్రమ పెట్టాల్సింది ముందుగా ఇక్కడే.

బతికున్నవారికి ఓఆర్‌సీఐడీ అంకె సరిపోతుంది; అది ఒక్కో వ్యక్తికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. 2012లో మొదలైన ఈ సేవ ఉచితం. 16 స్థానాల అంకె వస్తుంది, చివరిది కొన్నిసార్లు ఎక్స్ అక్షరం అవుతుంది. పీహెచ్‌డీ, ప్రచురణలు ఉండాలన్న నిబంధన ఏమీ లేదు. ఫీల్డు అసిస్టెంట్ అయినా తీసుకోవచ్చు. అయితే ఎవరిది వారే నమోదు చేసుకోవాలి. సంస్థ తరఫున గుమాస్తా అందరికీ తీయడం కుదరదు. గతించినవారికి బహిరంగ సమాచార నిధి వికీడేటాలోని, క్యూ (Q) అక్షరంతో మొదలయ్యే అంకె వాడతారు. అక్కడ పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు, పనిచేసిన సంస్థ, ప్రచురిత ఆధారం చేర్చాలి.

కొన్ని పొరపాట్లు పదేపదే జరుగుతాయి. ఇద్దరు సేకర్తల మధ్య కామా పెడితే, 'రావు, కె., రెడ్డి, ఎం.' అన్నది కంప్యూటరుకు నలుగురిలా కనిపిస్తుంది. నిలువు గీత పెట్టి విడదీయడం ప్రమాణం సూచించే పద్ధతి. స్ప్రెడ్‌షీటులో ఓఆర్‌సీఐడీ అంకెను కిందికి లాగి నింపితే ప్రతి వరుసలో చివరి అంకె ఒకటి చొప్పున పెరిగిపోవచ్చు. ఆ అంకెలో చివరిది మిగతా పదిహేను అంకెల నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకె కాబట్టి ఈ తప్పును చిన్న ఫార్ములాతో పట్టుకోవచ్చు. పట్టుకోకుండా పంపేస్తే మొదటి వరుస తప్ప మిగతావి దాదాపు అన్నీ చెల్లని అంకెలవుతాయి. సేకర్త గడిలో సంస్థ పేరు వేయడం ఇంకో అలవాటు. సంస్థకు వేరే గడి ఉంది.

మామూలు డార్విన్ కోర్ పట్టికలో ఒక నమూనాకు ఒక్క గుర్తింపే పడుతుంది, తాజాది. పాతవాటిని వదిలేస్తే ముందు గుర్తించినవారంతా మాయమవుతారు. గుర్తింపుల చరిత్రకు వేరే అనుబంధ పట్టిక ఉంది, దాన్ని వాడాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం నమూనా శాశ్వత సంఖ్యను మార్చడం. సాఫ్ట్‌వేరు మార్చినప్పుడు 'అకరెన్స్ఐడీ' కొత్తగా పుట్టించి పంపితే, పాత సంఖ్యకు కట్టిన లంకెలన్నీ, ఆ నమూనాను ఎవరు సేకరించారు, ఏ వ్యాసం వాడింది అన్నవన్నీ తెగిపోతాయి. ఒకసారి ఇచ్చిన సంఖ్య భవనం మారినా, సర్వర్ మారినా అలాగే ఉండాలి.

ఒకే పేరు, వేర్వేరు మనుషులు

పాత లేబుళ్లలో సేకర్తను తేల్చడం ఓపికతో కూడిన పరిశోధన. విలియం హుకర్, ఆయన కొడుకు జోసెఫ్ హుకర్ ఇద్దరూ లండన్‌లోని క్యూ (Kew) ఉద్యానవనానికి డైరెక్టర్లే. కొడుకును వేరుచేయడానికి 'హుక్. ఎఫ్.' అని రాస్తారు. ఆ 'ఎఫ్'ను ఎక్కించేవారు వదిలేస్తే హిమాలయాల్లో కొడుకు తిరిగిన దారులన్నీ తండ్రి ఖాతాలోకి పోతాయి. అచ్చు లేబుల్ పైన 'హెర్బ్.' తర్వాత ఉన్న పేరు సొంతదారుది, 'కోల్.' తర్వాత ఉన్నది సేకర్తది. వీటిని తారుమారు చేయడం చాలా సాధారణం.

వాలిచ్ కేటలాగు ఇంకా కఠినం. నథానియల్ వాలిచ్ 1828లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ హెర్బేరియంను సంఖ్యలు వేసి పంచడం మొదలుపెట్టారు. అందులో రాక్స్‌బర్గ్, హైన్, వైట్ వంటివారు సేకరించినవి కూడా ఉన్నాయి. సంఖ్య వాలిచ్‌ది, సేకరణ వేరొకరిది. సంఖ్య పక్కనున్న ఏ, బీ, సీ అక్షరాలు వేర్వేరు సేకరణలను సూచిస్తాయి. వాటిని వదిలేసి సేకర్త వాలిచ్ అని ఎక్కిస్తే, గోదావరి తీరంలో హైన్ చేసిన పని కలకత్తా ఖాతాలో పడుతుంది.

ఒక పేరును ఒక వ్యక్తికి కట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సేకరణ తేదీ ఆ మనిషి బతికున్న కాలంలో ఉందా? పదేళ్ల వయసులో సేకరించినట్టు వస్తే అనుమానించాలి. సేకరణ సంఖ్యలు తేదీలతో పాటు పెరుగుతున్నాయా? 4,210 సంఖ్య 1962లోనూ 4,215 సంఖ్య 1978లోనూ కనిపిస్తే, ఇద్దరు మనుషులైనా ఉండాలి, తేదీ చదవడంలోనైనా తప్పు ఉండాలి. ఒకే రోజున నల్లమలలోనూ అస్సాంలోనూ ఉన్నారా? చేతిరాత, నోటుబుక్కుతో పోలుతోందా? సాఫ్ట్‌వేరు ఒకేలా ఉన్న పేర్లను గుంపుగా చేసి చూపుతుంది. అది సూచనే తప్ప తీర్పు కాదు. తెలియనిదాన్ని తెలియదని వదిలేయడం, తప్పు మనిషికి కట్టడం కన్నా ఎంతో మేలు. ఒకసారి తప్పుగా కట్టినది నకళ్లై పదిచోట్లకు పాకుతుంది.

ఈ కట్టే పనికి ఇప్పుడు బాగా ఉపయోగపడుతున్నది బయోనోమియా. కెనడాకు చెందిన డేవిడ్ షార్ట్‌హౌస్ 2018లో బ్లడ్‌హౌండ్ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. కోపెన్‌హాగన్ కేంద్రంగా పనిచేసే, ప్రపంచవ్యాప్త జీవవైవిధ్య రికార్డుల వేదిక జీబిఫ్ దగ్గరున్న నమూనాల రికార్డులను ఇది తీసుకుని, ఓఆర్‌సీఐడీ ఉన్నవారిని తమ నమూనాలు తామే 'సేకరించాను', 'గుర్తించాను' అని గుర్తుపెట్టుకోనిస్తుంది. గతించినవారి నమూనాలను తెలిసినవారెవరైనా వికీడేటా అంకెకు కట్టవచ్చు. ఆ నమూనాలను వాడుకున్న పరిశోధనా వ్యాసాలేవో వ్యక్తి పేజీలో కనిపిస్తాయి. జీవితమంతా సేకరించి పెద్దగా ప్రచురించని మనిషి పని ఎన్ని అధ్యయనాలకు ఆధారమైందో మొదటిసారి కళ్లకు కడుతుంది. తన నమూనాల జాబితాను జెనోడో అనే బహిరంగ నిల్వలో దాచి, దానికి డీఓఐ, అంటే ఉదహరించడానికి పనికొచ్చే శాశ్వత సంఖ్య, తెచ్చుకునే వీలూ ఉంది. సంస్థలు తమ నమూనాలకు చేరిన వ్యక్తుల అంకెలను దించుకుని సొంత డేటాబేసులో కలుపుకోవచ్చు. ఈ చివరి మెట్టు దగ్గరే చాలా సంస్థలు ఆగిపోతున్నాయి. బయట జరిగిన దిద్దుబాటు లోపలికి రాకపోతే తర్వాతిసారి డేటా పంపినప్పుడు ఆ గడులు మళ్లీ ఖాళీగానే వెళ్తాయి. అయితే దీనికి ఒక హద్దుంది. జీబిఫ్‌కు చేరని నమూనాలు ఇక్కడ కనిపించవు. మన కళాశాలల అల్మరాల్లోని షీట్లలో చాలా భాగం ఇంకా కంప్యూటరు దాకా రాలేదు.

ఉదహరించడం, లెక్కగట్టడం

జీబిఫ్ నుంచి డేటా దించుకుంటే ఆ దించుకున్న మూటకు ఒక డీఓఐ వస్తుంది. వ్యాసంలో దాన్ని తప్పక ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడే ఏ సంస్థ నమూనాలు వాడారో లెక్క తేలుతుంది, బయోనోమియా లాంటివి వ్యక్తిదాకా దాన్ని చేర్చగలుగుతాయి. ఫైలు దించుకుని, కొన్ని వరుసలు తీసేసి, 'జీబిఫ్ నుంచి తీసుకున్నాం' అని ఒక మాట రాసి ఊరుకుంటే మొత్తం లంకె తెగుతుంది. వరుసలు వడపోసి వాడితే, మిగిలిన వరుసల జాబితాకు వేరే డీఓఐ తీసుకునే ఏర్పాటు ఉంది.

హెర్బేరియంకు వెళ్లి స్వయంగా చూసిన నమూనాలను సేకర్త పేరు, సేకరణ సంఖ్య, హెర్బేరియం సంకేతాక్షరాలు, బార్‌కోడ్‌తో రాయాలి. కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియంకు ఎంహెచ్, హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంకు సీఏఎల్ అన్నవి ప్రపంచమంతా గుర్తించే సంకేతాలు. డీఎన్ఏ వరుసలు జమచేసేటప్పుడు కూడా వోచర్ నమూనా (ఆధారంగా దాచిన నమూనా) గడిలో ఇవే ఇవ్వాలి. వోచర్ లేని డీఎన్ఏ వరుసకు పేరు తప్పని అనుమానం వస్తే తిరిగి చూసే దారి ఉండదు. గుర్తించినది రచయితలు కాకపోతే, గుర్తించినవారి పేరు పద్ధతుల విభాగంలోనే రావాలి, చివర్లో కృతజ్ఞతల్లో కాదు. ఫలితం మొత్తం ఒక నిపుణుడి గుర్తింపు మీదే నిలబడి ఉంటే ఆయన్ను సహరచయితగా అడగాలి, అదీ పని మొదలయ్యే ముందే. ఏ రచయిత ఏ పని చేశారో చెప్పడానికి పత్రికలు వాడే 14 పాత్రల క్రెడిట్ పట్టికలో 'నమూనాలు గుర్తించడం' అనే పాత్ర విడిగా లేదు. సేకరణ 'వనరులు' అనే గంపగుత్త పాత్రలో పడుతుంది. అందుకే పాత్రల వాక్యానికి తోడు ఎవరు ఏ కుటుంబాన్ని గుర్తించారో మాటల్లో రాయడం అవసరం.

కొత్త జాతి విషయంలో మన దేశంలో చట్టం కూడా తోడుంది. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి వోచర్ నమూనాలను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారాల్లో జమచేయాలి. జమచేసే పత్రంలో సేకర్తల పేర్లన్నీ, అంకెలతో సహా ఉండేలా చూసుకోవడానికి అదే అదను. ఆ తర్వాత మార్పించాలంటే ఉత్తరాలు రాసుకోవాలి.

నియామకాలు, పదోన్నతుల సంఘాలు అడగాల్సిన ప్రశ్నలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఎన్ని నమూనాలు సేకరించారు అన్న మొత్తం ఒక్కటే చూస్తే, రోడ్డు పక్క దొరికే సాధారణ మొక్కలు వందల కొద్దీ పోగేసేవారు గెలుస్తారు. ఎన్నిటికి పూర్తి లేబుల్ ఉంది, ఎన్ని బహిరంగంగా అందుబాటులో ఉన్నాయి, ఇతరులు ఎన్నిటిని వాడుకున్నారు, ఇతరుల నమూనాలు ఎన్ని గుర్తించారు, ఏ సంస్థల్లో: ఇవి పని నాణ్యతను కొంత దగ్గరగా పట్టిస్తాయి. గుర్తింపు లెక్కకు కూడా హద్దుండాలి. సాధారణ జాతులకు చీటీలు గుద్దిన సంఖ్య కన్నా, పేరు లేని కట్టల్లోంచి ఎన్నిటిని బయటికి తీశారన్నది ఎక్కువ చెబుతుంది.

చిన్న హెర్బేరియం ఉన్న కళాశాల ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ముందు రిజిస్టరులోని సేకర్తల పేర్లన్నీ ఒక్క పట్టికగా దించి, ఎవరివి ఎన్ని షీట్లో లెక్కవేయాలి. సాధారణంగా కొద్దిమంది పేర్ల మీదే అధిక భాగం ఉంటుంది. ఆ కొద్దిమందికి ముందు అంకెలు కడితే తక్కువ శ్రమతో ఎక్కువ షీట్లు లెక్కలోకి వస్తాయి. ఓపెన్‌రిఫైన్ వంటి ఉచిత సాధనం పేర్ల రకరకాల రూపాలను ఒకచోట చూపుతుంది, వికీడేటాతో పోల్చి చూస్తుంది. ఆ పేర్లలో విరమణ చేసిన అధ్యాపకులు ఉంటే వారి దగ్గరికి ఈ ఏడాదే వెళ్లాలి. పొడి అక్షరాల వెనక ఎవరున్నారో, 'పార్టీ'లో ఎవరెవరు వెళ్లారో, ఏ ఏడాది సంఖ్యలు మళ్లీ మొదలయ్యాయో చెప్పగలిగేది వారే. వారి నోటుబుక్కులను స్కాన్ చేసి, ప్రతి పేజీకి సేకరణ సంఖ్యల పరిధి రాసి, షీట్ల రికార్డులకు కలిపి ఉంచాలి. అసలు పుస్తకాలను కుటుంబం ఇస్తే హెర్బేరియం రిజిస్టరులోనే నమోదు చేసి, ఎవరి నుంచి ఏ తేదీన అందాయో రాసి, అల్మరాలో భద్రపరచాలి.